నీళ్ళకు నాలుగొందలు, కారుకు నాలుగువేలు

ముందు పోయినవి రాస్తాను. ఎడ్ల జత ఒకటి, ఆరు పళ్ళ మీద, మంచి వయసులో ఉన్నవి. మూడెకరాల మిరపతోట, మొదటి పూత మీద ఉన్నది. రొక్కం పన్నెండు వందలు. అది కాక పెట్రోలుకు నూట యాభై, అదీ చాలక చేబదులు తెచ్చింది మరో తొంభై. కిరసనాయిలు రెండు డబ్బాలు కొన్నాం, రెండో దాంట్లో ముప్పావు వంతు మిగిలింది కాబట్టి పోయింది ఒకటింబావు అనాలి. ఆ తర్వాత అప్పుల కింద పోయిన భూమి ఎకరం ముప్ఫై సెంట్లు. మా అక్క నాతో మాట్లాడకుండా గడిపిన కాలం ఆరేళ్ళ ఎనిమిది నెలలు. ఆఖరున మా బావ. ఆయన్ని ఏ పద్దులో వెయ్యాలో నాకు ఇప్పటికీ తెలియదు కనుక కింద గీత గీసి విడిగా రాశాను.

ఈ పట్టీ మొన్న మంగళవారం తిరువూరు బస్టాండు రోడ్డులో ఉన్న నా స్పేర్ పార్టుల దుకాణంలో కూర్చుని, రశీదు పుస్తకం వెనక అట్ట మీద రాసుకున్నది. కారణం బెజవాడ నుంచి వచ్చిన ఒకాయన. ముప్ఫై ఏళ్ళుంటాయి. పాత కార్లు కొని, బాగుచేయించి, మళ్ళీ రోడ్డు మీద తిప్పడం ఆయన సరదా అట. జేబులోంచి ఒక ఫొటో తీసి గల్లాపెట్టె మీద పెట్టాడు. ఇద్దరు మాత్రమే కూర్చునే ఎర్ర కారు, పైన టాపు లేదు, ముందు భాగం మొసలి మూతిలా పొడుగ్గా ఉంది. ఇలాంటి కారు ఇంజను ఒకటి ఈ ప్రాంతంలో ఉండేదని విన్నాననీ, ఇంజన్ల సంగతి మిమ్మల్ని అడగమన్నారనీ చెప్పాడు. అది ఎప్పుడో తుక్కులోకి పోయిందని చెప్పాను. పాపం, నిజంగానే నొచ్చుకున్నాడు. "పోనీ ఇప్పుడుంటే ఎంత చేసేదంటారండీ?" అన్నాడు. ఏ పనికి అని అడిగాను. ఆయన నా వంక వింతగా చూసి, "కారుకేనండీ, ఇంకే పనికొస్తుంది?" అన్నాడు. టీ తెప్పించాను, తాగి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చాలాసేపు నేను బేరాలు చూడలేదు. ఒకడు వచ్చి ఫ్యాన్ బెల్టు అడిగితే పంపు వాషరు ఇచ్చానట, నవ్వుకుంటూ వెనక్కి తెచ్చాడు.

నాకు చదువు ఎనిమిదో క్లాసుతో సరి. లెక్క మాత్రం కలప అడితిలో నేర్చుకున్నాను. దుంగ చుట్టుకొలత, పొడుగు చూసి ఎన్ని ఘనపుటడుగులో చెప్పడానికి అక్కడి గుమాస్తా ఒక పాత పట్టికల పుస్తకం తిరగేసేవాడు. అతను పేజీ వెతికేలోపు నేను నోటితో చెప్పేసేవాణ్ణి. రెండుసార్లు పుస్తకమే తప్పని తేలింది, అచ్చుతప్పు. దాంతో నా పేరు ఊళ్ళో పాకింది. గడ్డివామి చూసి ఎన్ని మోపులో చెప్పమనీ, తవ్విన బావి గట్టు చూసి ఎన్ని గంపల మట్టో చెప్పమనీ పిలిచేవారు. విస్సన్నపేట వైపు మామిడితోటలు పూత మీద ఉండగానే బేరమాడతారు కదా, ఎన్ని బుట్టల కాయ దిగుతుందో చెప్పడానికి నన్ను బండి పెట్టి తీసుకెళ్ళేవారు. అడితి మానేసి ఆయిల్ ఇంజన్ల దుకాణంలో చేరాక పాత ఇంజన్లకు ధర కట్టడం నా పని అయింది. దానికి నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. పాత ఇంజన్‌కు హార్స్ పవర్‌కు ఇంత అని ఒక రేటు. చక్రం చేత్తో తిప్పితే లోపల గాలి ఎంత గట్టిగా ఎదురు తంతుందో చూసి ఆ రేటు మీద కొంత కలపడమో తియ్యడమో. ఆ ఎదురు తన్నడాన్ని మా రైతులు దమ్ము అనేవారు. దమ్మున్న ఇంజన్ మంచిది, దమ్ము లేనిది అరిగిపోయింది. ఏడేళ్ళలో నా ధర ఒక్కసారి కూడా తప్పలేదు. అదే వచ్చిన చిక్కు.

డెబ్బైల మొదట్లో వానలు ఎగ్గొట్టిన ఏడాది అది. మా బావ, అంటే మా అక్క భర్త, గంపలగూడెం దారిలో ఒక పల్లెలో ఉండేవాడు. నాలుగెకరాల మెట్ట, అందులో ఒక బావి. బావి కింద మూడెకరాలు మిరప వేశాడు. నీళ్ళు లోతుకు దిగిపోయాయి. ఎడ్లతో మోట తోలి నీళ్ళు పైకి తెస్తుంటే రోజంతా కష్టపడినా ముప్ఫై సెంట్లు తడిసేది. మూడెకరాలు తడవాలంటే పది రోజులు. మిరపకు ఏడు రోజులకొక తడి కావాలి. ఈ చివరకు నీళ్ళు వచ్చేసరికి ఆ చివర మొక్క వాలిపోయేది. ఆ మూడు రోజుల తేడా మా బావను తినేస్తోంది. మనిషి మామూలుగా హాస్యగాడు. మా పెళ్ళిళ్ళలో ఆయన పక్కన భోజనానికి కూర్చోవాలంటే భయపడేవాళ్ళం, నవ్వి నవ్వి పొలమారుతుందని. ఆ కార్తీకంలో దుకాణానికి వచ్చి, బల్ల మీద కూర్చుని, పక్కనున్న బెల్టు చుట్ట విప్పి మళ్ళీ చుట్టాడు. "ఏంటి బావా?" అన్నాను. "ఏం లేదురా బావమరిదీ, పూతొచ్చింది. పిల్లకి పెళ్ళీడొచ్చి చేతిలో కానీ లేనట్టుంది నా పని" అన్నాడు.

కొత్త ఆయిల్ ఇంజన్ కొనే స్తోమత లేదు. అద్దె ఇంజన్‌కు గంటకు నాలుగు రూపాయలు. పంట చేతికొచ్చేదాకా నూట ఇరవై గంటలు కావాలి, నాలుగు వందల ఎనభై. అద్దె ఇస్తే ఆ డబ్బు నీళ్ళతోపాటు కాలవలో పోతుంది, కొంటే వస్తువు మనకు మిగులుతుంది అని నేనే అన్నాను. ఎక్కడైనా పాతది చూస్తానని మాటిచ్చాను. మూడో రోజున ఒక బస్సు కండక్టరు చెప్పాడు, విస్సన్నపేట అవతల ఒక జమీందారు మామిడితోటలో కారు ఇంజన్ ఒకటి అమ్మకానికి ఉందని. ఆ కాలంలో కార్ల ఇంజన్లను పంపులకు కట్టుకోవడం మామూలే. పెట్రోలుతో మొదలుపెట్టి, వేడెక్కాక చిన్న కొళాయి తిప్పి కిరసనాయిలు మీదకు మార్చేవారు. పాత అంబులెన్సు ఇంజన్ ఒకటి ఎ.కొండూరు దగ్గర నాలుగేళ్ళు చెరుకుతోట తడిపింది, దాని ధర కట్టిందీ నేనే.

ఆ తోటలో కావలి గుడిసె పక్కన రేకుల కొట్టం. తాళం తీసినాయన ఆ జమీందారు గారింట్లో ముప్ఫై ఏళ్ళు కారు నడిపిన డ్రైవరు. అరవై దాటాయి, ఖాకీ కోటు బొత్తాలన్నీ పెట్టుకుని ఉన్నాడు, ఉక్కపోతలో కూడా. జమీందారీ ఎప్పుడో పోయింది. మిగిలిన మనవడు ఇంగ్లండు నుంచి తెప్పించిన కారును ఒక కల్వర్టుకు కొట్టి, తాను బతికి, కారును చంపాడు. రేకులు, చక్రాలు తూకానికి పోయాయి. ఇంజన్‌ను మాత్రం ఈయన దింపించి, టార్పాలిన్ చుట్టి, రెండేళ్ళుగా కాపాడుతున్నాడు. ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఒక్కో సిలిండరులో చెంచాడు ఆముదం పోసి, చేత్తో రెండు చుట్లు తిప్పేవాడట. "పసిపిల్లలక్కూడా ఇట్టా పట్టరు ఆముదం" అని మా బావ నవ్వాడు. ఆ నెలలో ఆయన నవ్వగా విన్నది అదే మొదటిసారి.

టార్పాలిన్ తీశాక నేను దాని చుట్టూ ఒకసారి తిరిగి చూశాను. మా దుకాణంలో ఇంజన్లు బర్రెల్లా ఉంటాయి, నల్లగా, లావుగా, బురదలో పడుకున్నట్టు. ఇది మనిషి నడుం ఎత్తున, సన్నగా, మెరుస్తూ ఉంది. కార్బ్యురేటర్లు రెండు. ఇత్తడి గొట్టాలు. ఎంత బలమని అడిగితే డెబ్బై గుర్రాలన్నాడు. డెబ్బైని నా రేటుతో గుణిస్తే తిరువూరులో పెంకుటిల్లు వస్తుంది. అది అర్థంలేని లెక్క అని నాకూ తెలుసు. అందుకని డెబ్బైని పక్కన పెట్టి, బావికి కావలసింది ఎనిమిదే కనుక ఎనిమిదికే లెక్క కట్టాను. ఎనిమిదికి, నూట నలభై చొప్పున, పదకొండు వందల ఇరవై. అప్పుడు దమ్ము చూశాను. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రం మీద బొటనవేలు గట్టిగా అదిమి, డ్రైవరును తిప్పమన్నాను. అంత దమ్మున్న ఇంజన్ నేను అప్పటివరకు చూడలేదు. వేలును పక్కకు విసిరికొట్టింది, గోరు కింద రక్తం గడ్డకట్టింది. నాలుగు సిలిండర్లూ ఒకటే తీరు. సిలిండరుకు ఇరవై చొప్పున ఎనభై కలిపాను. సరిగ్గా పన్నెండు వందలు. కాగితం మీద వేసి, రెండుసార్లు సరిచూసి, ఇద్దరికీ వినబడేలా చదివాను.

అమ్మేవాడు ధర తక్కువన్నప్పుడు ఏం చెప్పాలో నాకు కంఠతా వచ్చు. ఆయన ఎక్కువన్నాడు. "ఎక్కువండీ. నీళ్ళకైతే నాలుగొందలు. కారుకైతే నాలుగువేలు" అన్నాడు.

"ఒక వస్తువుకు రెండు ధరలేంటి పెద్దాయనా?" అన్నాను.

"వస్తువు ఒకటేనండీ, పని వేరు. నాలుగొందలు తుక్కు రేటు. మద్రాసు నుంచి ఒకాయన కార్డు రాశాడు, ఆయన కారుకు ఇదే రకం ఇంజను కావాలంట, సంకురాత్రి దాటాక వస్తానన్నాడు. దీన్ని నీళ్ళకు కట్టమాకండి బాబూ, పాడైపోద్ది. ఇది కిరసనాయిలు తాగే జాతి కాదు."

నేను కండువా సర్దుకుని మా బావ వంక చూసి చిన్నగా నవ్వాను. జమీందారీ పోయినా డ్రైవరుకు దర్పం పోలేదని నా ఉద్దేశం. మద్రాసు నుంచి వచ్చే కొనుగోలుదారుణ్ణి నేను ఎన్నో బేరాల్లో చూశాను, అంటే విన్నాను, ఎన్నడూ రాలేదు. తన సరుకును తనే తక్కువ చేసి మాట్లాడి, అవతలివాడు మొగ్గాక ఆ మద్రాసు మనిషిని అడ్డం పెట్టి ధర పెంచడం పశువుల సంతలో ముసలి దళారుల ఎత్తు. ఆ ఎత్తు నాకు తెలుసునన్న సంతోషంలో, ఆయన చెప్పిన మిగతా మాట నా చెవిలో పడలేదు. మా బావ మాత్రం ఆయన దగ్గరగా వెళ్ళి, "అయ్యా, తోట పూత మీదుందండీ. రేపో ఎల్లుండో తడి పడకపోతే పూత రాలిపోద్ది" అన్నాడు. ముసలాయన ఆ మాటకు తల వంచుకున్నాడు. పంట ఎండిపోతోందన్న మనిషిని కాదని పంపడం మా వైపు ఎవరికీ చేతకాదు. కొంతసేపటికి, "మీ లెక్క ప్రకారమే ఇవ్వండి, డబ్బు నాది కాదు, బాబుగారిది. కిరసనాయిలు మాత్రం పొయ్యమాకండి. ఒట్టెయ్యండి" అన్నాడు. మా బావ ఒట్టు వేశాడు. నేను వెయ్యలేదు, ఎందుకంటే నన్ను అడగలేదు.

డబ్బు కోసం ఎడ్లను అమ్మమన్నది నేనే. ఈ వాక్యం రాయడానికే ఇంతదూరం వచ్చాను. మా అక్క వాకిట్లో, అరుగు మీద కూర్చుని, సుద్దముక్కతో గచ్చు మీద లెక్క వేసి చూపించాను. మోటకు ఎడ్లు పనిచేసేది ఏడాదికి తొంభై రోజులు, మేత మేసేది మూడు వందల అరవై అయిదు. ఇంజన్ పనిచేసిన రోజే తింటుంది. దున్నకానికి బాడుగ ఎడ్లు దొరుకుతాయి. జతకు పదమూడు వందల యాభై వస్తుంది, ఇంజన్‌కు పన్నెండు వందలు పోను నూట యాభై చమురుకు. రోజుకు తొమ్మిది రూపాయలు అనుకున్నాను, అంటే పదహారు రోజులకు పైమాటే. మా అక్క పేడచేతులతో నిలబడి అంతా వింది. "నీ లెక్కలో అవి మనల్ని చూసి తల ఊపడం ఎక్కడుందిరా?" అంది. బావ, నేను ఇద్దరం నవ్వాం. బుధవారం సంతలో అమ్మేశాం. కొన్నవాడు వాటిని తోలుకుపోతుంటే ఎడమ ఎద్దు మూడుసార్లు ఆగింది. నేను లెక్కపెట్టాను, అలవాటు.

ఇంజన్‌ను రెండెడ్ల బండి మీద, బాడుగ బండే, గడ్డి పరిచి తెచ్చాం. మా యజమాని మూల పడి ఉన్న పంపు ఒకటి వాడుకోమని ఇచ్చాడు. వడ్రంగి తుమ్మదుంగలతో పీట కట్టాడు. రేడియేటరు లేదు కాబట్టి పంపు నీళ్ళలోంచే ఒక గొట్టం ఇంజన్ చుట్టూ తిప్పి చల్లబడే ఏర్పాటు చేశాం. పెట్రోలు పోసి చక్రం తిప్పగానే అది ఒక్క అరుపు అరిచింది. పక్క చేలోని కొంగలన్నీ లేచిపోయాయి. మూడు నిమిషాలకు నీళ్ళు వచ్చాయి, మోట పోసినట్టు తెరలు తెరలుగా కాక, తెగని ధారగా. బావ కాలవలో మోకాళ్ళ మీద కూర్చుని ఆ నీటిని రెండు చేతులతో మొక్కల వైపు తోస్తున్నాడు, అవసరం లేకపోయినా. ఇంజన్ చుట్టి వచ్చిన గొట్టంలోంచి వేడినీళ్ళు పడుతుంటే ఆడవాళ్ళు పిల్లల్ని తెచ్చి తలంట్లు పోశారు. ఒక ముసలమ్మ కాళ్ళ నొప్పులకు రోజూ వస్తానంది. మా అక్క అందరికీ బెల్లం ముక్క పంచింది. రెండున్నర రోజుల్లో మూడెకరాలూ తడిశాయి. నా జన్మలో నా లెక్క అంత బాగా కళ్ళకు కనిపించిన రోజులు లేవు.

అది తాగిన పెట్రోలు రోజుకు ఇరవై రెండు రూపాయలది. తొమ్మిది కాదు. నూట యాభై ఏడు రోజులకు సరిపోయింది. చేబదులు తొంభై మరో నాలుగు రోజులు. డెబ్బై గుర్రాల్లో మనకు ఎనిమిదే కావాలన్నా మిగతా అరవై రెండూ కూడా మేస్తూనే ఉంటాయని నాకు అప్పుడు అర్థమైంది. పదకొండో రోజున టీ కొట్టు రేడియోలో పెట్రోలు ధర పెంచారని చెప్పారు. మా బావ బంకు నుంచి ఖాళీ డబ్బాతో నడిచి వచ్చాడు. ఇక కిరసనాయిలు పోద్దామన్నాను.

"ఒట్టేశాన్రా" అన్నాడు.

"ఆయన డ్రైవరు బావా, మెకానిక్కు కాదు. దీని దమ్ము నేను చూశాగా. ఇంత దమ్మున్నదానికి కిరసనాయిలు ఒక లెక్కా?"

"నీకు తెలుసుగా?"

"తెలుసు" అన్నాను.

నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా తిరగేసి ఉంది. దమ్ము ఎక్కువైన ఇంజన్‌కు మంచి పెట్రోలే పడుతుంది. నాసి చమురు పోస్తే ఆ దమ్ముకే అది లోపల వేళగాని వేళ పేలి, పిస్టన్‌ను సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. మా దుకాణంలోని ఇంజన్లన్నీ నెమ్మదివి, తక్కువ దమ్ముతో ఏది పోస్తే అది తాగే రకం. వాటిలో దమ్ము తగ్గడమంటే అరగడం, ఉండడమంటే ఆరోగ్యం. ఆ కొలతతో దీన్ని కొలిచాను. ఏ గుణం చూసి ఇది నీళ్ళకు పనికిరాదని చెప్పాలో, ఆ గుణానికి నేను సిలిండరుకు ఇరవై చొప్పున ఎనభై ఎక్కువ కట్టాను. ఇది నాకు అయిదేళ్ళ తర్వాత, బెజవాడ ఆటోనగర్లో ఒక మెకానిక్ టీ తాగుతూ చెప్పగా తెలిసింది. నాకెంత ఖరీదు పడిందో తెలియక చెప్పాడు.

మొదటిరోజు కిరసనాయిలు మీద నడుస్తూ రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టు చప్పుడు చేసింది. కొత్త తిండి, అలవాటు పడుతుందన్నాను. రెండో రోజు చప్పుడు ఎక్కువైంది, ధార సన్నబడింది. మూడోరోజు పొద్దున పదింటికి, నేను గట్టు మీదే ఉన్నాను, తెల్లటి పొగ దట్టంగా వచ్చి, ఏదో విరిగిన చప్పుడు చేసి, ఆగిపోయింది. చక్రం పట్టుకుంటే కదల్లేదు. మేస్త్రిని పిలిపించి విప్పిస్తే రెండు పిస్టన్ల నెత్తి కరిగి, చిల్లులు పడి ఉన్నాయి. ఒక చిల్లులో నా చిటికెన వేలు పట్టింది. ఆ పిస్టన్లు మన దేశంలో దొరకవు. మా బావ విప్పిన ముక్కలన్నీ గోనె మీద వరసగా పేర్చాడు, పొరపాటున ఏదీ పారేయకుండా. పక్క చేలోని పాలేరు బావిలోకి తొంగిచూసి, నీళ్ళు బాగానే ఊరాయండీ అన్నాడు.

అద్దె ఇంజన్లన్నీ అప్పటికే చేలకు చేరిపోయాయి. ఉన్న ఒకటి రెండింటికి గంటకు నాలుగు ఆరైంది, ఆ ఆరూ మా దగ్గర లేవు. మోటకు ఎడ్లు లేవు. ఎవరినైనా అడుగుదామంటే ఆ కరువులో ప్రతి జతా ఎవరి బావి మీద వాళ్ళకు తిరుగుతోంది. మా బావ, అక్క, ఇద్దరు పిల్లలు కడవలతో మోశారు. సెలవు పెట్టి నేనూ మోశాను. మనిషికి రోజుకు ఎన్ని మొక్కలో లెక్క వేశాను గాని పైకి చెప్పలేదు. పూత రాలింది. రాలిన పూత మడుల్లో తెల్లగా, అటుకులు చల్లినట్టు కనిపించేది. చివరికి దిగింది రెండు బస్తాల తాలు కాయ. ఎడ్లుంటే, ముప్ఫై సెంట్ల చొప్పున ఏడు రోజుల్లో రెండెకరాల పది సెంట్లు తడిసేది. ఒక ఎకరం వదులుకుంటే రెండెకరాలు బతికేవి. ఈ లెక్కకు పెద్ద తెలివి అక్కర్లేదు. నాకు మూడే కావాలనిపించింది.

తుక్కు కింద అమ్మితే ఇంజన్‌కు రెండు వందల పది వచ్చాయి. అమ్మే ముందు, ఎవరైనా ముక్కలుగా కొంటారేమో అడుగుదామని నేనొక్కణ్ణే ఆ డ్రైవరు దగ్గరికి వెళ్ళాను. నన్ను చూడగానే, "కిరసనాయిలు పోశారా?" అన్నాడు. తల ఊపాను. ఆయన కోటు లోపలి జేబులోంచి ఒక పోస్టుకార్డు తీసి నా చేతికిచ్చాడు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలను. మద్రాసు ముద్ర, వారం కిందటిది. వచ్చే నెల మొదటి ఆదివారం వస్తున్నాను, ఇంజన్ భద్రంగా ఉంచండి అని రాసి ఉంది. ధర కూడా ఉంది. ఆయన చెప్పినంతే. "ఆయనకేం రాయమంటారో మీరే చెప్పండి" అన్నాడు. ఏం చెప్పానో గుర్తులేదు. ఆయన మంచినీళ్ళిచ్చాడని గుర్తుంది.

ఆ తర్వాత ఎకరం ముప్ఫై సెంట్లు పోయింది, మిగిలింది కౌలుకిచ్చాడు. బావ తిరువూరులో ఒక రైసు మిల్లులో బస్తాలు మోయడానికి కుదిరాడు. మిల్లు మా దుకాణానికి ఆరు కొట్ల అవతల. రోజూ మధ్యాహ్నం వచ్చి నా బల్ల మీద కూర్చుని టీ తాగేవాడు, ఊక భుజాల మీదే ఉండేది. ఒక్కనాడూ ఇంజన్ మాట ఎత్తలేదు. ఎవరైనా ఎత్తితే, "మా బావమరిది లెక్క తప్పలేదురా. దానికి నీళ్ళు తోడటం నామోషీ, అంతే" అని నవ్వించేవాడు. తిడతాడని ఎదురుచూశాను. ఆరేళ్ళు ఎదురుచూశాను. తిట్టి ఉంటే దానికొక హద్దు ఉండేది. ఒక శ్రావణంలో, బస్తా భుజాన ఉండగానే, మిల్లు మెట్ల మీద కూర్చుండిపోయాడు. గుండె అన్నారు. నలభై ఆరేళ్ళు.

దినం అయిన మర్నాడు మా అక్క నన్ను పిలిచింది. ఇంజన్ ఆగిన రోజు తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాటలు అవి. "ఎడ్లు నువ్వు అమ్మించావు. ఎడ్ల డబ్బు ఇయ్యి. పంట దేవుడిది, మీ బావ సంగతి మీ బావే చూసుకున్నాడు. ఆ రెండూ నీ మీద వెయ్యను" అంది. పదమూడు వందల యాభై. నెలకు ముప్ఫై చొప్పున, కుదరని నెల ఇరవై, ప్రతి ఒకటో తారీఖునా గంపలగూడెం బస్సెక్కి వెళ్ళి చేతికిచ్చేవాణ్ణి. ఆమె చీర కొంగులో ముడివేసుకునేది, లెక్కపెట్టేది కాదు. ఇంట్లో ఎడ్లు కట్టిన రాట అలాగే ఉండేది. దానికి గేదె దూడను కూడా కట్టనిచ్చేది కాదు. మొత్తం పదమూడు వందల పది ఇచ్చాక, ఆఖరి నలభై పట్టుకుని వెళ్ళాను. ఆ రోజు ఉతికిన చొక్కా వేసుకున్నాను. నోట్లు చేతిలో పెడితే వెనక్కి తోసేసింది.

"తీసుకో అక్కా, ఇంతటితో సరి" అన్నాను.

"సరా?" అంది. "మొత్తం తీర్చేసి హాయిగా నిద్రపోదామనా? ఆ నలభై ఉండనీ."

కోపంతో అందో, మరి దేనితో అందో ఆమె ముఖం చూసి చెప్పలేకపోయాను. ధర కట్టడం తప్ప మనుషుల ముఖాలు చదవడం నాకు రాదు. ఆ తర్వాత కూడా వెళ్ళేవాణ్ణి, నెల నెలా కాకపోయినా. అన్నం పెట్టేది. బయలుదేరేటప్పుడు నోట్లు తీస్తే గుమ్మంలోంచి లోపలికి వెళ్ళిపోయేది. పోయిన ఏడు వేసవిలో మా అక్క కూడా పోయింది. మేనకోడలు బడిలో టీచరు, దానికిద్దామని వెళ్ళాను. "అమ్మ తీసుకోనిది నేనెట్టా తీసుకుంటాను మావయ్యా?" అని నా జేబులోనే మళ్ళీ పెట్టింది.

అప్పట్లో నలభై రూపాయలంటే ఎడ్ల జతకు నెలరోజుల తవుడు. ఇప్పుడు అది బస్టాండులో నలుగురి టిఫినుకు చాలదు. ఇన్నేళ్ళలో నేను ధర కట్టిన ప్రతి వస్తువు ధరా మారిపోయింది, కొన్ని పెరిగాయి, కొన్ని తుక్కయ్యాయి. ఈ ఒక్క అంకెను మాత్రం కాలం పెంచనూ లేదు, తగ్గించనూ లేదు. నేటికి బాకీ నలభై రూపాయలు.